నలభై రోజుల గడువు తీరిన తరువాత

గత రమజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగించుకొని ఇల్లు చేరేసరికి నా శ్రీమతి జకాత్ లెక్కల పుస్తకం ముందుంచుకొని కూర్చొని ఉంది. మా ఇంట్లో ఈ లెక్క ఆమెదే. నరసరావుపేటలో మాకొక చిన్న డీటీపీ కేంద్రం ఉంది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, పాఠశాలల ప్రశ్నపత్రాలు, రమజాన్ వచ్చిందంటే మస్జిదులకు సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలు, ఇవే మా జీవనాధారం. అమ్మకానికి నిల్వ ఉన్న కార్డులు, కాగితం రీములు, చేతిలోని నగదు, ఖాతాదారుల నుండి రావలసిన బాకీలు ఒక వైపు కూడి, వాటిపై రెండున్నర శాతం తీయాలి. కంప్యూటర్లు, ప్రింటర్లు, కటింగ్ యంత్రం వృత్తి పనిముట్లు గనుక వాటిపై జకాత్ లేదు. అయినప్పటికీ ఆమె వాటిని కూడా మరొక పుటలో వ్రాస్తుంది. ఏ వస్తువును ఎందుకు మినహాయించామో అడిగితే చెప్పగలగాలి కదా అంటుంది.

ఆ పుట వ్రాస్తూ అడిగింది: "ఏమండీ, కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేర్లు కూడా పనిముట్లే కదా. వాటికి ఏ ధర వేయమంటారు?"

నేను ఖర్జూరం నోట్లో వేసుకుంటూ, ఆలోచించకుండానే అన్నాను: "వాటిని వ్రాయకు. అవి మనవి కావుగా."

ఆమె కలం ఆపి నా వైపు చూసింది. "ఇన్నేళ్ళుగా వాటితోనే కదండీ అన్నం తింటున్నాం. మనవి కాకపోతే ఎవరివి?"

ఆ ప్రశ్నకు ఆ రాత్రి నేను సమాధానం చెప్పలేదు. పొద్దుపోయిందని, సహరీకి లేవాలని చెప్పి పడుకున్నాను. నిద్ర మాత్రం రాలేదు.

ఈ వృత్తిలోకి నేను 2003లో వచ్చాను. గుంటూరులో ఒక దుకాణంలో పని నేర్చుకున్నాను. అక్కడి నుండి బయలుదేరిన రోజున యజమాని నా చేతిలో రెండు సీడీలు పెట్టారు. ఒక దానిలో పేజ్‌మేకర్, మరొక దానిలో తెలుగు ఫాంట్లు. సీడీ మీదనే నల్ల స్కెచ్ పెన్నుతో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొట్టవలసిన నంబరు వ్రాసి ఉంది. అది ఆశీర్వాదమన్నట్లే తీసుకున్నాను. ఆ రోజుల్లో ఏ ఊరి డీటీపీ దుకాణంలో చూసినా ఇదే వరస. సాఫ్ట్‌వేర్‌ను కొంటారన్న సంగతి మాలో చాలామందికి తెలియదు. తెలిసినవారికి అది నవ్వులాట.

అయితే ఆ రాత్రి నన్ను కుదురుగా పడుకోనివ్వనిది ఆ సీడీల సంగతి కాదు. అది తప్పని నాకు ఎప్పుడో తెలుసు. తెలిసిన తప్పును మనసు ఒక మూలకు నెట్టి దానిపై గుడ్డ కప్పడం నేర్చుకుంటుంది. నన్ను పట్టుకున్నది దానికంటే చాలా చిన్న విషయం. అది నేను ఎన్నడూ తప్పనుకోని విషయం.

మా దుకాణానికి ఖాతాదారులు పంపే ఫైళ్ళు తరచూ కుదించి, మూటగట్టి వస్తాయి. వాటిని విప్పటానికి మేము విన్‌రార్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాము. దాన్ని రూపొందించినవారు యూజీన్ రోషల్ అనే రష్యా ప్రోగ్రామరు. రోషల్ ఆర్కైవ్ అన్న మాటల కుదింపే రార్. 1993లో రార్, 1995లో విండోస్ కొరకు విన్‌రార్ వచ్చాయి. ఎవరైనా దింపుకొని నలభై రోజులు పరీక్షించి చూడవచ్చు. ఆ తరువాత వాడదలిస్తే లైసెన్సు కొనాలి, లేదంటే తొలగించాలి. షరతు ఇంతే. కాని నలభై రోజులు దాటినా అది ఆగిపోదు. తెరిచినప్పుడల్లా ఒక చిన్న కిటికీ వచ్చి, గడువు తీరిందనీ, లైసెన్సు కొనుక్కోమనీ మర్యాదగా కోరుతుంది. కిటికీ మూసివేస్తే ఎప్పటిలాగే పనిచేస్తుంది.

ఆ కిటికీని నేను ఏడేళ్ళుగా మూస్తూ వచ్చాను. ఉదయం దుకాణం తెరిచి, బిస్మిల్లాహ్ అని కంప్యూటరు ఆన్ చేసి, మొదటి ఫైలు విప్పగానే వచ్చే ఆ కిటికీని ఈగను తోలినట్లు తోలేసేవాణ్ణి. చదవనైనా చదివేవాణ్ణి కాదు. ఇందులో నేను క్రాక్ వాడలేదు, దొంగ నంబరు కొట్టలేదు, వారి సైటు నుండే తెచ్చుకున్నాను, వారు తాళం వేయలేదు, నేను పగలగొట్టలేదు. పై సీడీలతో పోలిస్తే ఇది నా దృష్టిలో స్వచ్ఛమైన పాల వంటిది.

ఆ రాత్రి పడుకొని ఆలోచిస్తుంటే మా అమ్మాయి సంగతి జ్ఞాపకం వచ్చింది. రమజాన్‌కు కొన్ని నెలల ముందు మాట. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా పెద్దమ్మాయి ఫోనులో ఫొటోలు సరిదిద్దే ఒక యాప్ వేసుకుంది. ఏడు రోజులు ఉచితం, తరువాత సంవత్సర చందా. చెల్లింపునకు నా బ్యాంకు ఖాతా ఇచ్చింది. ఎనిమిదో రోజున నా ఖాతా నుండి 1,899 రూపాయలు పోయాయి. నేను దుకాణంలో నుండే ఫోనులో కేకలు వేశాను. ఇది పట్టపగటి దోపిడీ అన్నాను, పిల్లల అమాయకత్వంతో వ్యాపారమన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. ఇంటికి వచ్చాక అమ్మాయి తల దించుకొని నా ఫోనే నాకు చూపింది. ముందు రోజు వచ్చిన సందేశం అందులో ఉంది. రేపు ఇంత మొత్తం మినహాయిస్తామని, వద్దనుకుంటే రద్దు చేసుకోమని. నేను దాన్ని తెరవనే లేదు.

"అబ్బాజాన్, తప్పు నాదే. కాని వాళ్ళు ఏడు రోజులనే చెప్పారు, ఏడు రోజుల తరువాతే తీసుకున్నారు" అంది.

ఏడు రోజులు దాటగానే తమ సొమ్ము తాము తీసుకున్నవారిని దొంగలన్నాను. నలభై రోజులు దాటి ఏడేళ్ళు గడిచినా ఇవ్వని నన్ను ఏమనాలో ఆ రాత్రి నాకు తోచలేదు.

(ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ఇటువంటి ఉచిత గడువుల్లో బ్యాంకు ఖాతా గానీ కార్డు గానీ ముందే అడిగారంటే, మన మౌనాన్ని వారు అంగీకారంగా తీసుకుంటారని అర్థం. ఇలా పదేపదే జరిగే చెల్లింపుల విషయంలో మినహాయింపునకు కనీసం 24 గంటల ముందు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన విధించింది. 15,000 రూపాయల లోపు మొత్తాలకు మొదట ఒకసారి ఆమోదించాక ప్రతిసారీ ఓటీపీ అడగరు. కావున ఆ ముందస్తు సందేశమొక్కటే మనకున్న అడ్డుగోడ. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్ళి చూస్తే పిల్లలు దేనిదేనికి అంగీకరించారో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. అక్కడే రద్దు కూడా చేయవచ్చు. ఫోను నుండి యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా ఆగదు.)

మరునాడు జుహర్ నమాజు తరువాత మా మస్జిదుకు వచ్చే ఒక ముఫ్తీ సాహెబును ఆపి ఈ సంగతి చెప్పాను. చిన్న విషయానికి ఆయన సమయం వృథా చేస్తున్నానేమోనన్న సంకోచం నాకు లేకపోలేదు. ఆయన మాత్రం ఆసక్తిగా గోడకు చేరగిలబడి కూర్చున్నారు.

"నలభై రోజుల షరతు మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగారు.

"మొదటి రోజే తెలుసు ముఫ్తీ సాబ్."

"తెలిసే సరేనని నొక్కారా?"

"నొక్కాను."

ఆయన వెంటనే తీర్పు చెప్పలేదు. కొని చూసుకొనే గడువు అనేది మన ధర్మశాస్త్రానికి కొత్త కాదన్నారు. దాన్ని ఖియార్ అంటారు. బేరం కుదిరిన తరువాత కూడా కొన్నవాడు గాని, అమ్మినవాడు గాని నిర్ణీత గడువులోగా వద్దనుకొనే హక్కును షరతుగా పెట్టుకోవడం. హబ్బాన్ బిన్ ముంఖిజ్ (రజి) అనే సహాబీ తలకు తగిలిన గాయం వలన బేరసారాల్లో తరచూ మోసపోయేవారు. మోసం ఉండరాదని బేరం సమయంలోనే చెప్పమని, మూడు రాత్రుల గడువు ఉంచుకోమని దైవప్రవక్త (సఅసం) ఆయనకు ఉపదేశించినట్లు హదీసుల్లో ఉంది. దీని ఆధారంగా ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ఈ గడువు మూడు రోజులకు మించరాదన్నారు. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) మాత్రం ఎన్ని రోజులైనా సరే, లెక్క స్పష్టంగా ఉంటే చాలన్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) వస్తువు స్వభావాన్ని బట్టి గడువు ఉంటుందన్నారు. ఇంటిని పరిశీలించటానికి పట్టే కాలం, వస్త్రాన్ని పరిశీలించటానికి పట్టే కాలం ఒకటి కావు గదా.

తరువాత ఆయన చెప్పిన ఉదాహరణ నన్ను నేరుగా తాకింది. గడువు షరతుతో ఒక వాహన పశువును తీసుకున్నవాడు దాని నడక ఎలా ఉందో చూడటానికి ఎక్కితే అతని హక్కు నిలిచే ఉంటుంది. తన సొంత పని మీద ఎక్కిపోయాడా, ఇక అది పరీక్ష కాదు. ఆ చేతతోనే అతడు బేరానికి ఒప్పుకున్నట్లు. ధర ఇచ్చి తీరాలి. గడువు లోపలి మాటే ఇది!

నేను మొదటి రోజే ఖాతాదారుల పనికి వాడానని ఆయనతో అనలేదు. అనవలసిన అవసరం లేకుండానే ఆయనకు అర్థమైంది.

అయితే కంటికి కనిపించని, నకలు తీస్తే తరగని వస్తువును అమ్మడం ఏమిటని నేను వాదించాను. నా దగ్గర మిగిలిన ఆఖరి వాదన అది. ఆయన దాన్ని కొట్టివేయలేదు. మన ఉపఖండపు హనఫీ ధర్మవేత్తలలో కొందరు పూర్వం ఇటువంటి హక్కులను అమ్మదగిన ఆస్తిగా అంగీకరించలేదని ఒప్పుకున్నారు. కాలక్రమంలో అభిప్రాయం మారింది. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖా అకాడమీ రచన, ఆవిష్కరణ, వ్యాపార చిహ్నం వంటి వాటిపై యజమానులకున్న హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ పొందినవేనని, వాటిపై దౌర్జన్యం తగదని తీర్మానించింది. "అదంతా ఒక వైపు ఉంచండి" అన్నారాయన. "హక్కు ఆస్తి అవునా కాదా అన్నది పండితుల చర్చ. మీరు సరేనని నొక్కారు చూడండి, అది మాట ఇవ్వడం. దాని విషయంలో ఏ చర్చా లేదు."

దేశ చట్టం సంగతి నేనే తరువాత తెలుసుకున్నాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణతో చేర్చిన 63బి సెక్షను ప్రకారం, దొంగ నకలని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడినవారికి కనీసం ఏడు రోజులు, గరిష్ఠంగా మూడేళ్ళ జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. వ్యాపారంలో గానీ లాభానికి గానీ వాడని పక్షంలో జైలు లేకుండా వదిలే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. దుకాణదారునికి ఆ వెసులుబాటు లేదు. ఇది చదివాక నా సీడీల మీద కప్పిన గుడ్డ కూడా తొలగిపోయింది.

ఇలా వాడి చూసి తరువాత డబ్బు ఇచ్చే పద్ధతి ఎలా మొదలైందో చదివితే ఆశ్చర్యం కలిగింది. 1982 ప్రాంతంలో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామును, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనే ప్రోగ్రామును ఎవరైనా నకలు తీసుకోవచ్చని వదిలిపెట్టారు. ఉపయోగపడిందనుకుంటే కొంత పైకం పంపమని మాత్రమే కోరారు. తాళాలు లేవు, గడువులు లేవు. బాబ్ వాలెస్ అనే మరొకాయన అదే దారిలో పీసీ-రైట్ తెచ్చారు. షేర్‌వేర్ అన్న పేరు ఆయన వల్లనే వాడుకలోకి వచ్చింది. ముఖమైనా చూడని మనుషులు డబ్బు పంపుతారన్న నమ్మకంతో వారు వ్యాపారం చేశారు. పంపినవారూ ఉన్నారు, లేకుంటే ఈ పద్ధతి ఇన్నేళ్ళు నిలిచేది కాదు. మరి నేను ఇన్నాళ్ళూ ఆ నమ్మకాన్ని వారి అమాయకత్వమనుకున్నాను. మా వీధిలో పాల ప్యాకెట్లు బయట పెట్టి, డబ్బాలో డబ్బు వేసి పొమ్మనే ముసలాయన ఉన్నారు. ఆయన ప్యాకెట్ ఉచితమని నేనెన్నడూ అనుకోలేదు.

పండుగ వెళ్ళిన మరుసటి వారం నేను, నా శ్రీమతి దుకాణంలో కూర్చొని మూడు కంప్యూటర్లలో ఉన్నవన్నీ వ్రాశాము. విన్‌రార్ సంగతి మొదట వచ్చింది. ఈలోగా నేనొక సంగతి కనుక్కున్నాను. ఇగోర్ పావ్లోవ్ 1999లో విడుదల చేసిన 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, దుకాణాల్లో వాడుకోవటానికీ అభ్యంతరం లేదు, రార్ మూటలను కూడా విప్పుతుంది. ఇక విన్‌రార్‌తో పనేముంది, తీసేసి దీన్ని వేసుకుంటే సరిపోతుందని సంతోషంగా చెప్పాను.

"ఇక ముందుకు సరిపోతుంది. వెనకటి ఏడేళ్ళకు?" అంది ఆమె.

ఒక లైసెన్సు ధర సుమారు 30 డాలర్లు. ఒకటి కొందామన్నాను. మూడు కంప్యూటర్లలో వాడినప్పుడు ఒకటి కొంటే ఎలా అంది. కొంత పెనుగులాట జరిగింది, దాచను. అవసరం రీత్యా ఒక్కటి కూడా అక్కరలేదు; ఋణం రీత్యా మూడు కావాలి. చివరకు మూడు కొన్నాము. మెయిలులో ఒక చిన్న తాళంచెవి ఫైలు వచ్చింది. దాన్ని తెచ్చి సరైన చోట ఉంచగానే పని ముగిసింది. మరునాటి ఉదయం ఫైలు విప్పినప్పుడు ఆ కిటికీ రాలేదు. నా వేలు మాత్రం అలవాటుగా దాన్ని మూయటానికి తెర మూలకు వెళ్ళి, అక్కడ ఏమీ లేక ఆగిపోయింది.

మిగిలినవి ఇంత సులభం కాలేదు. బొమ్మల పనికి వాడే కోరెల్‌డ్రాకు మా దగ్గర ఉన్నది క్రాక్. దాన్ని కొనే స్తోమత మాకు లేదు. తీసేసి ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. నలభై ఏడేళ్ళ వయసులో చేతి అలవాటు మార్చుకోవడమంటే ఎడమ చేత్తో అన్నం తిన్నట్లుంటుంది. అర్ధగంటలో ముగిసే పెళ్ళి పత్రికకు మధ్యాహ్నమంతా పట్టేది. ఫాంట్ల విషయంలో మాత్రం మేలు జరిగింది. మండలి, రామభద్ర, పొన్నాల, గురజాడ, ధూర్జటి వంటి చక్కని యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగానే లభిస్తున్నాయి, ముద్రణకు కూడా వాడుకోవచ్చు. పాత దుకాణదారులమైన మేము వాటివైపు కన్నెత్తి చూడకపోవడమే లోటు.

అసలు చిక్కు పాత ఫైళ్ళది. ఇరవై ఏళ్ళ పని అంతా పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, కొన్ని అక్షరాలు వేరొకటిగా మారిపోతాయి. ఒక పాఠశాల ప్రశ్నపత్రంలో ఇలాంటి తప్పులు నా కంటపడక, 200 ప్రతులు మా ఖర్చుతో మళ్ళీ ముద్రించవలసి వచ్చింది. ఆ పాఠశాలవారు తరువాతి పరీక్షలకు మరొక దుకాణానికి వెళ్ళారు. వారిని తప్పుపట్టలేను. తోటి వృత్తిదారుడొకాయన మా దుకాణానికి వచ్చి టీ తాగుతూ, "నీ ఒక్కడి మూడు లైసెన్సులతో ఆ విదేశీ కంపెనీ మేడ కట్టుకుంటుందా భాయ్?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అతడు మా దుకాణంలో ముందు రోజు తీసుకెళ్ళిన కాగితం రీముకు డబ్బు ఇచ్చే వెళ్ళాడు. మేము మేడ కట్టుకుంటామా లేదా అని అడగలేదు.

ఈ సంవత్సరం జకాత్ లెక్కల పుస్తకంలో పనిముట్ల పుట మారింది. యంత్రాల క్రింద నా శ్రీమతి సాఫ్ట్‌వేర్లకు మూడు గడులు గీసింది. కొన్నవి అన్న గడిలో విన్‌రార్ ఒక్కటే, పక్కన మూడు అన్న అంకె. ఉచితంగా అనుమతించినవి అన్న గడి నిండుగా ఉంది. మూడవ గడికి ఆమె తేల్చవలసినవి అని పేరు పెట్టింది. అందులో పేజ్‌మేకర్, దాని పాత ఫాంట్లు ఉన్నాయి. పేజ్‌మేకర్‌లో 2001లో వచ్చిన 7వ వెర్షనే చివరిది, దాని స్థానంలో అదే సంస్థ మరొకటి తెచ్చి చాలా కాలమైంది. ఫాంట్ల లైసెన్సుకు మాత్రం నెలనెలా కొంత పక్కన పెడుతున్నాము. పాత ఫైళ్ళు ఇంకా సగం మిగిలి ఉన్నాయి. రోజూ ఇషా తరువాత ఒక గంట కూర్చొని వాటిని మారుస్తున్నాను. నిన్న రాత్రి 2009 నాటి ఒక పెళ్ళి పత్రిక వద్దకు వచ్చాను.